ఏయ్ సైకిలూ!

కాకినాడలో సైకిలు తొక్కేవాడికి నేల ఏ ఇబ్బందీ పెట్టదు. 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక, కాలువల్లోకి దిగిన గోదావరి నీళ్లు ఏ మోటారూ లేకుండా, ఎవరూ తోడకుండా మా ఇంద్రపాలెం లాకుల దాకా నడిచొచ్చాయంటే, ఈ డెల్టా వాలు ఎంత మెత్తనిదో మీరే ఊహించుకోండి. నీళ్లకే లేని కష్టం నా మోకాళ్లకేం ఉంటుంది? ఊళ్లో ఆయాసం తెప్పించే ఎత్తు కావాలంటే జగన్నాథపురం వంతెన ఎక్కాలి. కాకపోతే మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి లేస్తుంది. తూర్పు వైపు పనిపడితే దానికి ఎదురు తొక్కాల్సిందే. అయినా గాలి మనల్ని తిట్టదు కదా.

తిట్టేది మనుషులు.

మా వైపు మర్యాదకి పేరు. పీక పిసికేవాడు కూడా "మెడ కాస్త ఇటు తిప్పండి" అనే పిసుకుతాడు. అప్పు ఎగ్గొట్టినవాణ్ని నలుగురిలో నిలదీసినా చివర "అండి" తగిలించే నిలదీస్తారు. అలాంటి చోట, మనిషి సైకిలు ఎక్కీ ఎక్కగానే ఆ "అండి" కాస్తా దిగిపోతుంది.

రిటైరైన కొత్తలో డాక్టరుగారు నా షుగరు కాగితం చూసి, స్కూటరు పక్కన పెట్టి సైకిలు తొక్కమన్నారు. తొక్కమన్నారు కదా అని నల్ల సైకిలు కొన్నాను. గేర్లూ సన్న టైర్లూ ఉన్నది కాదు, వెనక క్యారేజీ ఉన్న పాతకాలం మోడలు. దాంతో నా పరువు గోదాట్లో కలిసింది. గేర్ల సైకిలెక్కి, నెత్తిన హెల్మెట్టు పెట్టుకుని పోతే "ఫిట్‌నెస్సండి" అంటారు. నల్ల సైకిలు మీద పోతే "పాపం, ఏవో ఇబ్బందుల్లో ఉన్నట్టున్నారు" అంటారు. మా ఎదురింటాయన గేటు దగ్గర నన్ను ఆపి, గొంతు బాగా తగ్గించి, "స్కూటరు అమ్మేశారా మాస్టారూ? అవసరమైతే ఒక్క మాట అడగొచ్చు కదండీ" అన్నాడు. అడిగితే ఇచ్చేవాడు కాదనుకోండి, అది వేరే సంగతి.

రోడ్డెక్కాక ఆ మాస్టారు కూడా ఉండదు. ఇంటి పేరు, ఒంటి పేరు, ఎందరికో చెప్పిన లెక్కల పాఠాలు, అన్నీ రద్దు. "ఏయ్ సైకిలూ, పక్కకి!" "సైకిలూ, చూస్కో!" కారులో పోయేవాణ్ని "ఒరే కారూ" అని ఎవరైనా పిలవగా విన్నారా? బుల్లెట్టు మీద పోయేవాడు రోడ్డంతా అదరగొడుతూ పోయినా వాడు బాబే, తమ్ముడే.

ఇక హారన్లు. భానుగుడి జంక్షన్లో ఎర్రలైటు పడుతుంది. ముందు లారీ, దాని వెనక బస్సు, అటూ ఇటూ కార్లు, ఆ మధ్యన నేను. లైటు ఇంకా ఎర్రగానే ఉంటుంది. నా వెనక ఉన్న కుర్రాడు నన్ను చూసి హారను కొడతాడు. నన్నేం చెయ్యమని? సైకిలు భుజాన వేసుకుని లారీ ఎక్కి అటువైపు దిగాలా? ఓసారి వెనక్కి తిరిగి, "ఏం కావాలి బాబూ?" అని అడిగాను. "ఏం లేదు, ఊరికే" అన్నాడు. నిజాయితీపరుడు.

ఊరికే కొట్టడానికి కూడా ఒక రేటుంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 194ఎఫ్ అని ఒక సెక్షను చేర్చారు. అవసరం లేకుండా హారను మోగిస్తే మొదటిసారి 1000 రూపాయలు, మళ్లీ మోగిస్తే 2000. లెక్కల మాస్టార్ని కదా, ఊరుకోలేక భానుగుడి నుంచి బాలాజీ చెరువు దాకా చెవిన పడ్డ హారన్లన్నిటికీ ఈ రేటు కట్టి చూశాను. ఆ డబ్బు వసూలు చేస్తే ఊరికి ఇంకో వంతెన కట్టేయొచ్చు. ఆసుపత్రుల చుట్టూ కనీసం 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించొచ్చని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. ఏ ఆసుపత్రి గేటు ముందైనా నిలబడి, ఆ 100 మీటర్లు ఎక్కడ మొదలయ్యాయో చెవితో కనిపెట్టండి చూద్దాం. లారీల వెనక "సౌండ్ హారన్" అని రాసుంటుంది. వాళ్లు అడిగి మరీ కొట్టించుకుంటారు, కాదనను. నా మడ్‌గార్డు మీద అలాంటి కోరిక ఏదీ రాయించలేదే!

లారీల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, వాళ్లతో నాకు పేచీ లేదు. పోర్టుకి బియ్యం మోసే లారీ పక్కనుంచి వెళ్తే కాళ్ల కింద నేల అదురుతుంది గానీ, నన్ను దాటిన చాలా మంది లారీ డ్రైవర్లు అద్దంలో చూసుకుంటూ మూరెడు చోటు వదిలే దాటారు. ప్రమాదమంతా కొత్త కార్లతోనే. తన బండి ఎడమ పక్క ఎక్కడిదాకా ఉందో ఓనరుకే తెలీదు. నా మోచెయ్యి తగిలాక తెలుస్తుంది. షేర్ ఆటోది ఇంకో దారి. రోడ్డు పక్కన ఎవరైనా తల గోక్కోవడానికి చెయ్యెత్తితే చాలు, ఉన్నచోటే ఆగిపోతుంది. వెనక వచ్చేవాడి బ్రేకులు ఎలా ఉన్నాయన్నది ఆ వెనక వచ్చేవాడి స్వవిషయం. వానాకాలంలో గుంటల పక్కనుంచి వేగంగా పోయి మన తెల్ల చొక్కా రంగు మార్చేవాళ్ల గురించి నేను చెప్పక్కర్లేదు. ఎవరి చొక్కా వాళ్లకి గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు పిండి సంగతి.

మే నెల, ఆదివారం. మా ఇంట్లో ఆదివారం పొద్దున పెసరట్టు ఉప్మా. ముందురోజు రాత్రే గ్రైండరు మోటారు కాలిపోయింది. మిక్సీలో తిప్పితే పిండి వేడెక్కి అట్టు రుచి చెడుతుందని మా ఆవిడ సిద్ధాంతం. నానిన పెసలు, గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర స్టీలు క్యానులో వేసి నా చేతికిచ్చి, "ఏవండీ, సినిమా రోడ్డు పక్క సందులో పిండి రుబ్బే కొట్టుంది, రుబ్బించుకు రండి. ఈలోపు ఉప్మా చేసేస్తాను. వచ్చేటప్పుడు మూత గట్టిగా బిగించండి" అంది. రుబ్బించాను. మూత బిగించాను. ఈ ముక్క ముందే చెప్పి ఉంచుతున్నాను, ఎందుకంటే మా ఇంట్లో విచారణ ఇప్పటికీ మూత దగ్గరే ఆగి ఉంది.

క్యాను హ్యాండిలుకి తగిలించుకుని, ఆగి ఉన్న బళ్లను దాటుకుంటూ నెమ్మదిగా వస్తున్నాను. టీ కొట్టు ముందు తెల్ల కారు ఒకటి అప్పుడే వచ్చి ఆగింది. కొత్తది. పూజలో కట్టిన నిమ్మకాయలు ఇంకా వాడిపోలేదు. దాని డిక్కీ దాటాను. వెనక తలుపు దాటాను. ముందు తలుపు తెరుచుకుంది.

నెదర్లాండ్స్‌లో కారు తలుపుని పక్కనున్న చేత్తో కాకుండా అవతలి చేత్తో తియ్యడం అలవాటు చేస్తారు. అలా తీస్తే ఒళ్లు తిరుగుతుంది, ఒళ్లు తిరిగితే వెనక వచ్చే సైకిలు కంట పడుతుంది. మా దగ్గర అవతలి చేతిలో ఫోనుంటుంది.

బ్రేకు వేశాను. సైకిలు ఆగింది, ముందు చక్రం తలుపుకి గుద్దుకుని. నేనూ ఆగాను, ఎక్కడ తగిలి ఆగానన్న వివరం వద్దు. క్యాను మాత్రం ఆగలేదు. కదిలే వస్తువు దాని దారిన అది కదులుతూనే ఉంటుందని పక్క క్లాసులో సైన్సు మాస్టారు చెబుతుంటే గోడ ఇవతల నుంచి ఏళ్ల తరబడి విన్నాను గానీ, ఇంత వివరంగా చూడ్డం అదే. హ్యాండిలు వదిలేసి, తలుపు మీంచి ఎగిరి, ముందు అద్దాన్ని ఓసారి పలకరించి, మూత ఒకవైపు, తనొకవైపు అయిపోయి, బానెట్టు మీద బోర్లా పడింది. పచ్చటి పెసరపిండి తెల్లటి బానెట్టు మీద తొందరేమీ లేకుండా పరుచుకుంది. ఎంత గుండ్రంగా పరుచుకుందంటే, మా ఆవిడ చూసి ఉంటే మెచ్చుకునేది.

కారులోంచి నల్ల కళ్లద్దాల కుర్రాడు దిగాడు. "ఏయ్ సైకిలూ! ఇంత కారు కనపడట్లేదా?"

"కారు కనపడింది బాబూ. తలుపే కనపడలేదు. నేను చూసినప్పుడు అది మూసి ఉంది."

టీ గ్లాసులతో సహా జనం మూగారు. "అయ్యయ్యో, కొత్త బండండీ!" అన్నాడొకాయన. ఇంకొకాయన తలుపు మీద వేలితో రాసి చూసి, "పెయింటు లేచిందండోయ్" అని తేల్చాడు. మోకాలు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్న నన్ను అప్పుడొకరు చూసి, "మీకేం కాలేదుగా?" అన్నారు. ఆ వరసలోనే.

కారు రామచంద్రపురం నుంచి ఏకబిగిన వచ్చిందట. లోపల ఇంజను వేడి, పైన మే నెల ఎండ. మేం మాట్లాడుకుంటూ ఉండగానే పిండి అంచులు ఆరి బిగుసుకోవడం మొదలైంది. అల్లం, జీలకర్ర వాసన లేచింది. గోదారి వెటకారానికి అంతకన్నా ఏం కావాలి?

"ఉల్లిపాయ ముక్కలు చల్లండి, అదొక్కటే తక్కువ."

"అడుగున నూనె వెయ్యకుండా పోసేశారండి. అంటుకుపోద్దది."

"రెండో వైపు కాల్చాలంటే కారు తిరగెయ్యాలండి."

టీ కొట్టాయన మాత్రం పనిమంతుడు. లోపలికెళ్లి అట్లకాడ పట్టుకొచ్చాడు. కుర్రాడు రెండు చేతులూ అడ్డం పెట్టి, "గీతలు పడతాయండీ బాబూ!" అని మొర పెట్టుకున్నాడు. గమనించారా, అంత కోపంలోనూ టీ కొట్టాయనకి "అండి" తగిలించాడు. నేనింకా సైకిలునే.

"వాషింగుకి డబ్బులు కట్టి కదులు" అన్నాడు నాతో. నా ముందు చక్రం రిమ్ము చూపించాను. అది అప్పటికే ఎనిమిది అంకె వేసి ఉంది. అప్పుడు జనంలోంచి పంచె కట్టిన పెద్దమనిషి ముందుకొచ్చి, "తప్పు ఇద్దరిదీ ఉందండి" అన్నాడు. తెలుగునాట ఏ గొడవకైనా ఈ తీర్పు ఒకటి సిద్ధంగా ఉంటుంది.

"నాదేం తప్పండీ?" అన్నాను.

"ఆయన తలుపు తియ్యకుండా ఉండాల్సిందండి. తమరు ఇంట్లో ఉండాల్సింది."

తీర్పు ఇచ్చాక ఆయన ఊరుకోలేదు. మా వైపు ఇంకో ఆచారం ఉంది, ఎంత కొట్టుకున్నా మధ్యలో ఆపి ఊరూ పేరూ అడుగుతారు. "ఇంతకీ మీదే ఊరండి అబ్బాయిగారూ?" రామచంద్రపురం అన్నాడు. "అమ్మగారి పుట్టిల్లు?" ద్రాక్షారామం. ద్రాక్షారామంలో ఎవరింట్లో, ఏ వీధిలో అని ఒక్కో ముడీ విప్పుకుంటూ వచ్చేసరికి నాకు గుండె గుభేలుమంది. మా ఆవిడ పుట్టిల్లూ ఆ వీధే. పెద్దమనిషి ఇంకో రెండు ప్రశ్నలు వేసి, టీ తాగి, లెక్క తేల్చేశాడు. కుర్రాడి తల్లికి మా ఆవిడ పెత్తల్లి కూతురు.

కళ్లద్దాలు తీశాడు. కింద మంచి కళ్లే ఉన్నాయి. "అయ్యో, బాబాయిగారా! ముందే చెప్పొద్దాండీ?"

ఏం చెప్పాలి? తలుపు తెరుచుకున్నాక చక్రం తగిలే లోపు వంశవృక్షం చదవాలా? అనలేదు. బాబాయి అన్నాక అంటే బాగోదు.

ఇక మర్యాదలే మర్యాదలు. నా ప్యాంటు దులిపాడు. టీ ఇప్పించాడు. టీ కొట్టులోంచి బిందెలతో నీళ్లు తెప్పించి బానెట్టు తానే కడుక్కున్నాడు. అట్టు మధ్యలో ఊడొచ్చింది గానీ అంచులు మొండికేశాయి. సైకిలు డిక్కీలో సగం కూర్చోబెట్టి, తాడు కట్టి, నన్ను ముందు సీట్లో ఏసీకి ఎదురుగా కూర్చోబెట్టాడు. "ఈ వయసులో మీకు సైకిలేంటండి బాబాయిగారూ? ఏవైనా ఇబ్బందులుంటే చెప్పండి" అన్నాడు. షుగరు అన్నాను. నమ్మినట్టు లేదు.

మసీదు సెంటరు దాటాక ముందు ఒక ముసలాయన సైకిలు వెనక గంపలో ముంజలు కట్టుకుని పోతున్నాడు. పాపం రోడ్డుకి ఓ పక్కనే పోతున్నాడు. మావాడు హారను మీద అరచెయ్యి ఆనించి, అద్దం దించి, "ఏయ్ సైకిలూ!" అని కేకేశాడు. అద్దం ఎక్కించుకుంటూ నాతో అన్నాడు కదా, "ఈ సైకిళ్లవాళ్లతో చావొచ్చిందండి బాబాయిగారూ. రోడ్డంతా వాళ్లదే అనుకుంటారు."

అదే క్షణాన కారు గతుకులో పడింది. డిక్కీలో నా బెల్లు దానంతటదే మోగింది. అతను వెనక ఎవరో అడ్డొచ్చారనుకుని అద్దంలో చూసుకున్నాడు. ఆ పొద్దున అతను వెనక్కి చూడ్డం అదొక్కసారే.

ఇంటి ముందు దిగుతూ తలుపు తీసేటప్పుడు నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. పాలబ్బాయి సైకిలు దాటి వెళ్లాక వదిలాను. "ఏంటండి?" అన్నాడు. "ఏం లేదు, ఊరికే" అన్నాను.

మా ఆవిడ అక్క కొడుకని తెలిసి మురిసిపోయింది. వాళ్లమ్మ చిన్నప్పుడు కోనేట్లో జారిపడ్డ కథ చెప్పింది. కాళ్లు కడుక్కుని కూర్చున్నాక ఇద్దరికీ ఉప్మా వడ్డించింది, జీడిపప్పు అతని ప్లేటు వైపు కాస్త ఎక్కువగా దొర్లింది. అతను రెండు ముద్దలు తిని, ఒక్క క్షణం ఆగి, ఏదో వెలితి ఉందన్నట్టు ప్లేటు వంక చూసి, "ఉప్మా అదిరిందండి పిన్నిగారూ. ఇందులోకి ఒక్క పెసరట్టు పడుంటేనా..." అన్నాడు.

మా ఆవిడ అతన్ని ఏమీ అనలేదు. నా వైపు తిరిగింది.

"మూత బిగించానన్నారు?"