గుంటూరుకి సముద్రం కావలెను

2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాల్ని ఇరవై ఆరు చేసినప్పుడు గుంటూరుకి జరిగిన అన్యాయం గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. బాపట్ల జిల్లా పుట్టింది, సూర్యలంక, నిజాంపట్నం అటు వెళ్లిపోయాయి. అంటే సముద్రం మొత్తం పోయింది. 1970లో ఒంగోలు జిల్లా వచ్చి చీరాల వాడరేవును పట్టుకుపోతే పెద్దలు పోనీలే, సూర్యలంక ఉందిగా అని ఊరుకున్నారు. ఆ మెతకదనమే కొంప ముంచింది. ఇవాళ గుంటూరులో ఉప్పునీళ్లు కావాలంటే మిర్చి యార్డు పక్కన పది నిమిషాలు నిలబడి కళ్లలోంచి తెచ్చుకోవాలి.

మా వీధివాళ్ల బాధ మరీ ఎక్కువ. ఎందుకంటే సూర్యలంక మా కాలనీకి శివారు. మధ్యలో పొన్నూరు, బాపట్ల, యాభై పైచిలుకు కిలోమీటర్లు ఉన్నాయంటారా, అవన్నీ మ్యాపు గీసేవాళ్ల గొడవలు.

ఆ ఊరికి మేం చేసిన సేవ తక్కువేం కాదు. ఆదివారం వచ్చిందంటే రెండు కార్లేసుకుని వెళ్లి, సరుగుడు చెట్ల కింద దుప్పటి పరిచి, పులిహోర డబ్బా మూత తీసేవాళ్లం. వేట నుంచి వచ్చినవాళ్లు వలలు ఆరేసుకునే చోటే కారు పెట్టేవాళ్లం. కాస్త పక్కకి తీయమంటే, "మా జిల్లాలో మాకే చెప్తావా?" అని మా బాబాయి కలెక్టరు లెవెల్లో కసిరేవారు. కాసేపాగి అదే మనిషిని రొయ్యలు సగం ధరకి ఇమ్మని అడిగేవారు. అనుబంధం అంటే అలా ఉండాలి.

మొన్న కార్తీకమాసంలో మళ్లీ వెళ్లాం. తిని, ప్లేట్లూ గ్లాసులూ ఎక్కడివక్కడ వదిలేసి లేస్తుంటే, ఎండుచేపలు తిరగేస్తున్న ఓ ముసలావిడ పిలిచింది.

"ఏ ఊరు బాబూ?"

"గుంటూరమ్మా."

"సముద్రం మా జిల్లాకి వచ్చేసిందిగా. ఈ ఇస్తళ్లు మాత్రం మీ జిల్లావే, పట్టుకెళ్లండి."

ఎంత వేర్పాటువాదమో చూశారా! అయినా పెద్దమనసుతో అన్నీ ఏరి సంచిలో వేసుకున్నాం. (ఆవిడ కదలకుండా చూస్తూనే ఉంది లెండి.)

మర్నాడు పిన్ని కారు మ్యాట్లు దులపబోతుంటే బాబాయి పరుగున వెళ్లి ఆపారు. గుంటూరు జిల్లా సముద్రతీరం అంతా ప్రస్తుతం ఆ నాలుగు మ్యాట్ల కిందే ఉందట.