యమగండానికి ముందే బయల్దేరిన సంచి

విజయవాడ నుంచి హైదరాబాద్‌కి 275 కిలోమీటర్లు, ఐదు గంటలు అని ఫోన్‌లో మ్యాపు చెబుతుంది. పాపం, దానికి మోకాళ్ళు లేవు, షుగరు లేదు, ఆడపడుచులు లేరు. డెబ్బై ఎనిమిదేళ్ళ తాతయ్య మొదలు ఆరేళ్ళ మనవరాలి దాకా పదకొండు మందిని ఒకే బండెక్కించి 65వ నంబరు జాతీయ రహదారి మీదికి తోలడం రాజ్యాంగ సవరణ కంటే కష్టం. సవరణకి మూడింట రెండొంతుల మెజారిటీ చాలు. దీనికి ఏకగ్రీవం కావాలి, పైగా అలిగిన సభ్యుల్ని సస్పెండ్ చేసే వీల్లేదు.

ముందు తేదీ సంగతి. హైదరాబాద్ మనకి పడమర. శుక్ర, ఆదివారాలు పడమటికి వారశూల, కాబట్టి వెళ్ళడానికి అవి కొట్టేయండి. తిరుగు ప్రయాణం తూర్పుకి. సోమ, శనివారాలు తూర్పు శూల, రావడానికి అవీ పోయాయి. మంగళవారం ఏ దిక్కుకీ గడప దాటని పెద్దమ్మ ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఆ ఊళ్ళో చూడాల్సిన వాటికి మళ్ళీ వాటి పంచాంగం వాటిది: సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూ పార్కుకి సోమవారం సెలవు. ఉద్యోగస్తుల లీవులు కూడా కలిపి వడపోస్తే జల్లెడలో మిగిలేది ఒక్కటే, గురువారం వెళ్ళి ఆదివారం రావడం. పిల్లలకి రెండు రోజులు బడి పోతుంది, కారణం జ్వరం. ఎవరికి ఎన్ని డిగ్రీల జ్వరమో ముందే అనుకోకపోతే సోమవారం క్లాసులో చార్మినార్ బయటపడుతుంది.

తేదీ కుదిరింది కదా అని ఊపిరి పీల్చుకోకండి. గురువారం ఉదయం ఆరు నుంచి ఏడున్నర దాకా యమగండం. తెల్లవారుజామున అయిదుకల్లా బయల్దేరితే గొడవే ఉండదు గానీ, రెండు బాత్‌రూములున్న ఇంట్లో పదకొండు మంది అయిదింటికి తయారవడం పురాణాల్లో కూడా జరగలేదు. దీనికి మన పెద్దలు ఏనాడో మార్గం కనిపెట్టి పెట్టారు. దాని పేరు ప్రస్థానం. మంచి గడియలో ఒక సంచి తీసుకెళ్ళి పక్కింటి అరుగు మీద పెడితే ప్రయాణం మొదలైపోయినట్టే. మనుషులు తర్వాత తీరిగ్గా ఇడ్లీ తిని రావచ్చు. విమానయాన సంస్థలు వెబ్ చెక్-ఇన్ అని ఈమధ్య గొప్పగా చెప్పుకుంటున్నది ఇదే.

ఇక బండి. రెండు కార్లలో వెళదామని బాబాయ్ అంటారు. ఆ మాట మొదటి నిమిషంలోనే తుంచేయాలి. రెండు కార్లంటే ఎవరు ఏ కారు అన్న ప్రశ్న పుడుతుంది, ఆ ప్రశ్నకి జవాబు చెప్పి సుఖపడిన కోడలు లేదు. టెంపో ట్రావెలర్ ఒక్కటే మార్గం. పన్నెండు సీట్లది వద్దు, పదిహేడు సీట్లది మాట్లాడండి. మిగిలే ఆరు సీట్లలో నాలుగు సామానుకి, ఒకటి పడుకునే పిల్లకి, ఒకటి అలకకి. దాని మెట్టు ఎత్తుగా ఉంటుంది. నాయనమ్మ మోకాలు అంత పైకి లేవదు కాబట్టి ఒక ప్లాస్టిక్ స్టూలు కొని డ్రైవర్ సీటు వెనకాల పెట్టండి. ఈ మొత్తం యాత్రలో పెట్టిన ఖర్చుకి పూర్తి న్యాయం చేసే వస్తువు అదొక్కటే.

అద్దె మాట్లాడేటప్పుడు కిలోమీటరుకి ఎంత అని మాత్రమే అడిగే మనిషిని బేరానికి పంపకూడదు. బయటి ఊళ్ళ కిరాయికి రోజుకి కనీసం ఇన్ని కిలోమీటర్లని లెక్క ఉంటుంది, సాధారణంగా మూడొందలు. నాలుగు రోజులకి 1,200. మీరు తిరిగేది రానూపోనూ 550, ఊళ్ళో మహా అయితే ఇంకో నూట యాభై. అంటే 500 కిలోమీటర్లు మీ బంధువుల అపార్ట్‌మెంట్ కింద, చెట్టు నీడలో, కదలకుండా తిరుగుతారు. డబ్బు మాత్రం తిరిగినట్టే కట్టాలి. ఇది నచ్చకపోతే దింపి వచ్చేయమని ఒక కిరాయి, ఆదివారం వచ్చి ఎక్కించుకోమని మరో కిరాయి మాట్లాడి, ఊళ్ళో మెట్రో ఎక్కండి. ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాకా దాదాపు 29 కిలోమీటర్లు మెట్రో ఒక్క తీరున పోతుంది, స్టేషన్లలో లిఫ్టులున్నాయి. మీటరు షెడ్డు నుంచి షెడ్డుకా, ఇంటి నుంచి ఇంటికా, డ్రైవర్ బత్తా ఎంత, రాత్రి బత్తా ఎన్నింటి నుంచి, టోలూ పర్మిటూ ఎవరివి అన్నవి వాట్సాప్‌లో రాయించుకోండి. డ్రైవర్ రాత్రి ఎక్కడ పడుకుంటాడన్నది ఎవరూ అడగరు. పదకొండు ప్రాణాలు ఆ ఒక్కడి నిద్ర మీద ఆధారపడి ఉన్నాయి, అతనికి మాత్రం వరండాలో చాప చూపిస్తారు.

టోల్ దగ్గరికొస్తే, సంవత్సరం పాసు ఉంది కదా అని ఒక బావగారు తప్పకుండా అంటారు. అది సొంత కార్లకీ, జీపులకీ, వ్యాన్లకీ. పసుపు నంబరు ప్లేటున్న అద్దె బండికి కాదు. ఈ ముక్క ఆయనకి నాలుగుసార్లు చెప్పాలి. దారిలో కీసర (హైదరాబాద్ పక్కన కీసర కాదు, కంచికచర్ల దాటాక వచ్చే కీసర), చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి వరసగా తగుల్తాయి. బండి ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ ఉందో లేదో ముందు రోజు రాత్రే చూడండి. లేకపోతే యూపీఐలో ఒకటింబావు రెట్లు కట్టాలి. వెనక వరసలో ఉన్న లారీలు కొట్టే హారన్లకి మాత్రం రుసుము లేదు.

సీట్ల కేటాయింపు భౌతికశాస్త్రం ప్రకారం జరగాలి, జరిగేది మాత్రం బంధుత్వం ప్రకారం. వెనక చక్రాల మీద, ఆ వెనక కూర్చున్న వాళ్ళకి కుదుపు ఎక్కువ. అందుకని కడుపులో తిప్పే పిల్లలూ నడుము నొప్పి ఉన్న పెద్దలూ ముందు రెండు వరసల్లో ఉండాలి. కానీ ఆ వరస అల్లుళ్ళది. డ్రైవర్ పక్క సీటు పెద్దల్లుడిది, అది రాయని చట్టం. ఆ సీటుకి ఒక బాధ్యత కూడా ఉంది, డ్రైవర్‌ని మాటల్లో పెట్టి మెలకువగా ఉంచడం. పెద్దల్లుడు విజయవాడ పక్కనే ఉన్న ఇబ్రహీంపట్నం దాటకముందే నిద్రపోతాడు, డ్రైవరే రేడియో తగ్గించి ఆయనకి భంగం కలగకుండా చూస్తాడు. వాంతి చేసుకునే పిల్లవాడి చేతికి ఫోన్ ఇవ్వకండి, కిటికీలోంచి దూరంగా చూడమనండి. కవర్లు రెండు జేబుల్లో రెండేసి ఉండాలి. సంచిలో అడుగున ఉన్న కవరు లేనట్టే లెక్క.

తిండి విషయంలో మన జాతికి అనుభవం దండిగా ఉంది, కాబట్టి తప్పులు కూడా అంతే ఘనంగా చేస్తాం. మనిషికి వంద గ్రాముల చొప్పున కిలో నూరు గ్రాముల బియ్యంతో పులిహోర, నూట యాభై గ్రాముల చింతపండు. వేడి మీద డబ్బాకి మూత పెట్టారో, ఆవిరి నీరై అన్నంలోకి దిగి మధ్యాహ్నానికి వాసనొస్తుంది. పళ్ళెంలో ఆరబోసి, పూర్తిగా చల్లారాక కట్టాలి. దద్ధోజనానికి వేడన్నంలో పాలు పోసి, గోరువెచ్చగా అయ్యాక ఒక చెంచా పెరుగు కలపండి. అది దారిలో తోడుకుని, తినే వేళకి పులవకుండా ఉంటుంది. అసలే పెరుగు కలిపి తెస్తే సూర్యాపేటకి చేరేసరికి అది మజ్జిగ కూడా కాదు, మరేదో అవుతుంది. ఆవకాయ సీసాకి మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి, స్టీలు గిన్నెలో నిలబెట్టండి. నూనె కారిన ఆవకాయ పట్టుచీర మీద పడితే ఆ యాత్ర పేరు తరతరాలకీ అదే. ఇంత చేశాక అందరూ సూర్యాపేటలో హోటల్ బోర్డు చూసి దోసెలు తింటారు. పులిహోర మాత్రం హైదరాబాద్ బంధువులకి ‘మీకోసమే చేసి తెచ్చాం’ అనే మాటతో సహా చేరుతుంది.

ఇప్పుడు అసలు కొలమానం: ఆపడాలు. ఒక్కసారి బండి ఆపితే పదకొండు మంది దిగడానికి అయిదు నిమిషాలు, చెప్పులు వెతకడానికి రెండు, వరసలో నిలబడడానికి పది, టీ వద్దన్నవాళ్ళు టీ తాగడానికి ఎనిమిది, ఎక్కినవాళ్ళని లెక్కపెట్టి ఒకరు తక్కువని కనుక్కోవడానికి అయిదు. మొత్తం అరగంట. నాలుగు ఆపడాలకి రెండు గంటలు. ‘నాకు అవసరం లేదు’ అని బండిలోనే కూర్చునే వాళ్ళే అసలు ప్రమాదం. వాళ్ళకి సరిగ్గా పదిహేను కిలోమీటర్ల తర్వాత, చుట్టూ పొలాలు తప్ప ఏమీ లేని చోట అవసరం పడుతుంది. అందుకని ఆపిన ప్రతిచోటా అందరూ దిగాలి, అప్పీలు లేదు. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగునీరు, టైర్లకి గాలి ఉచితంగా ఇవ్వాలని నిబంధన ఉంది. మరుగుదొడ్డి తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో నిబంధనలో రాయలేదు. ముందుగా కాళ్ళలో సత్తువున్న ఒక మనవడిని పరుగెత్తించి, తాళం తీసి ఉందో లేదో, వెస్ట్రన్ కమోడ్ ఉందో లేదో చూసి రమ్మని, ఆ తర్వాతే స్టూలు కింద పెట్టండి.

ఊరి పొలిమేరల్లో ఒక ప్రలోభం ఎదురవుతుంది. రామోజీ ఫిల్మ్ సిటీ ఈ దారిలోనే, ఊళ్ళోకి రాకముందే ఉంది. ‘దారిలోదే కదా, ఓ గంట చూసేసి పోదాం’ అన్నవాళ్ళని వెనక సీటుకి మార్చండి. అది పొద్దున్న తొమ్మిదికి లోపలికి వెళ్ళి సాయంత్రం నడుం పట్టుకుని బయటికొచ్చే చోటు.

బస బంధువుల ఇంట్లోనే, ఎందుకంటే హోటల్లో దిగితే వాళ్ళు జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు, ఇంట్లో దిగితే కొన్నేళ్ళే గుర్తుపెట్టుకుంటారు. అక్కడ పదిహేను లీటర్ల గీజరు ఉంటుంది. చలికాలంలో అది ఒకసారి కాగడానికి పావుగంట, చన్నీళ్ళు కలిపితే ఒకటిన్నర బకెట్టు. మనవాళ్ళు పదకొండు, ఇంటివాళ్ళు నలుగురు. ఒక్క గీజరైతే దాదాపు నాలుగు గంటలు. శుక్రవారం గోల్కొండకి ఎనిమిదింటికి బయల్దేరాలంటే మొదటి స్నానం నాలుగింటికి మొదలవ్వాలి, అది తాతయ్యది, ఆయన ఎలాగూ మూడున్నరకే లేచి అందరినీ లేపి ఉంటారు. కోట పైకి సుమారు 360 మెట్లు. పెద్దవాళ్ళని కింద ప్రవేశద్వారం దగ్గర నీడలో కూర్చోబెట్టండి. అక్కడ చప్పట్లు కొడితే పైన కొండ కొసనున్న బాలా హిస్సార్ మండపంలో వినబడుతుందని ప్రసిద్ధి. ఆ పని వాళ్ళకి అప్పగిస్తే ఎవరూ తమని వదిలేసి వెళ్ళారని అనుకోరు. శనివారం మ్యూజియంలో మధ్యాహ్నం పన్నెండుకి పావుగంట ముందే గడియారం ఎదుట చేరండి. పన్నెండు గంటలు కొట్టడం చూడ్డానికి జనం మూగుతారు, కుర్చీలు ముందొచ్చిన వాళ్ళవే.

మందుల డబ్బా సంగతి కావాలనే చివరికి ఉంచాను. ప్రతి పెద్దాయనకీ వేరే కవరు, మీద పేరు, లోపల మూడు రోజులు ఎక్కువగా బిళ్ళలు, చీటీ ఫొటో ఇద్దరి ఫోన్లలో. ఇన్సులిన్‌ని ఐసుకి నేరుగా తగలనివ్వకుండా గుడ్డ చుట్టి చల్లసంచిలో పెట్టాలి, ఎండలో ఆపిన బండిలో వదలకూడదు. నీళ్ళ బిళ్ళ (ఒంట్లో నీరు మూత్రంగా పోవడానికి ఇచ్చేది) వేసుకునేవాళ్ళు ప్రయాణం రోజు ఏ వేళకి వేసుకోవాలో డాక్టర్ని ముందే అడగాలి. ఈ డబ్బా మనిషి ఒళ్ళో ఉండాలి తప్ప ఏ సంచిలోకీ వెళ్ళకూడదు. కానీ ముఖ్యమైన వస్తువే ముందు బయల్దేరాలన్న సదుద్దేశంతో, తెల్లవారుజామున అయిదూ నలభైకి, ప్రస్థానం సంచిలో అందరికంటే ముందు దాన్నే సర్దుతారు.

బండి నిజంగా కదిలేది ఎనిమిదీ పదికి. అప్పటికి యమగండం దానంతట అదే వెళ్ళిపోయి నలభై నిమిషాలు. కీసర టోల్ గేటు ఎత్తగానే పక్కింటావిడ ఫోన్ వస్తుంది: “వదినగారూ, మీ సంచి మా అరుగు మీదే ఉందండీ, కుక్క వాసన చూస్తోంది.” శాస్త్ర ప్రకారం మంచి గడియలో బయల్దేరింది ఆ సంచి ఒక్కటే. కంగారు పడాల్సిన పని లేదు, ఇరవై నాలుగు గంటల్లో తిరిగొస్తే టోల్ రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లే పడుతుంది. వెనక్కి తిరిగి ఇంటికి చేరేసరికి టైము పది. గురువారం పది నుంచి పదీ నలభై ఎనిమిది దాకా దుర్ముహూర్తం.