పరహస్తం గతం తైలం

పుస్తకమూ ధనమూ పరుల చేతికి వెళ్తే పోయినట్టే లెక్క అని పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. (ఆ శ్లోకంలో మూడోది కూడా ఒకటుంది గానీ, ఈ రోజుల్లో దాన్ని పైకి అంటే మనమే పోయినట్టు లెక్క.) పెద్దల కాలంలో బండ్లకు ఎడ్లుండేవి, ఇంజన్లు లేవు. అందుకని నాలుగో వస్తువు ఆ శ్లోకంలోకి ఎక్కలేదు. ఆ లోటు పూరించడమే నా ఉద్దేశం. ఇంజన్ ఆయిల్‌ను పరహస్తానికి అప్పగించవచ్చునా, కూడదా?

పని చూడబోతే చిన్నదే. ఇంజన్ అడుగున ఒక బోల్టు ఉంటుంది. విప్పితే పాత ఆయిల్ కారిపోతుంది. ఫిల్టర్ మార్చి, బోల్టు బిగించి, పైన మూత తీసి కొత్త ఆయిల్ పోస్తే అయిపోయింది. మామూలు కారుకి మూడున్నర నుంచి ఐదు లీటర్లు, బైకుకి ఇంచుమించు లీటరు. ఈపాటి పని కోసం మానవజాతి రెండు శాఖలుగా చీలిపోయింది. షోరూముకి అప్పగించేవాళ్లు ఒక శాఖ, సొంత చేత్తో మార్చుకునేవాళ్లు ఇంకో శాఖ. రెంటికీ మధ్య కంచం పొత్తు ఉంటే ఉండొచ్చు, పానా పొత్తు మాత్రం లేదు. నేను రెండో శాఖలో దీక్ష పుచ్చుకున్నవాణ్ణి. కాబట్టి నా నిష్పాక్షికత మీద ఎవరూ సందేహం పెట్టుకోనక్కర్లేదు.

ముందు పూర్వపక్షం. షోరూం శాఖవాడు తాళం చెవి ఇచ్చేసి చల్లటి గదిలో సోఫాలో కూర్చుంటాడు. అద్దం అవతల తన బండి లిఫ్టు మీద గాల్లోకి లేస్తుంటే కాసేపు చూస్తాడు, తర్వాత ఫోనులోకి చూస్తాడు. గంటన్నరకి సర్వీస్ అడ్వైజర్ జాబ్ కార్డు పట్టుకుని వస్తాడు. ఆపరేషన్ థియేటర్‌లోంచి బయటికొచ్చిన డాక్టరు ముఖం. "ఆయిల్ మార్చేశాం సార్. కానీ..." ఆ పరిశ్రమ మొత్తం ఈ 'కానీ' మీద నిలబడి ఉంది. ఇంజన్ ఫ్లష్ చేయిస్తే మంచిదట. థ్రాటిల్ బాడీ శుభ్రం చేయిస్తే ఇంకా మంచిదట. ట్యాంకులో కలపడానికి చిన్న సీసా ఒకటుందట, అది అన్నిటికన్నా మంచిదట. వీటి ఊసు బండితో వచ్చిన మాన్యువల్‌లో ఎక్కడుందని అడిగితే "కంపెనీ రికమండ్ చేసింది సార్" అంటాడు. ఏ కంపెనీ అని అడగడం సభ్యత కాదు. తెలుగులో తైలమనే మాటకి రెండో అర్థం ఊరికే పుట్టలేదు. లిఫ్టు మీద బండికి ఒక తైలం దిగుతున్న వేళలోనే సోఫాలో మనిషికి ఇంకో తైలం దిగుతూ ఉంటుంది.

అయినా న్యాయం చెప్పుకోవాలి. ఆ సోఫాలో మనిషి తెలివితక్కువవాడేమీ కాదు. బండి కింద ఏం జరిగిందో తెలుసుకోనక్కర్లేని హక్కుని డబ్బు పెట్టి కొనుక్కున్నాడు. పైగా సర్వీస్ బుక్కులో ముద్ర పడుతుంది. రేపు వారంటీ అడిగినా, బండి అమ్మినా ఆ ముద్ర మాట్లాడుతుంది. రాత్రి అతనికి నిద్ర పడుతుంది. నాకు పట్టదు, అదే తేడా.

నా నిద్ర ఎలా పోయిందో చెప్పాలి. నేనూ ఒకప్పుడు ఆ సోఫా శాఖవాణ్ణే. ఈ సర్వీస్ సెంటర్లలో ఫిల్టర్ మార్చకుండానే బిల్లు వేసేస్తారని ఎవరో చెవిన వేశారు. పేరు చెప్పని ఒక సెంటరుకి బండి ఇవ్వబోయే ముందు రాత్రి టార్చి పట్టుకుని బండి కిందికి దూరి, పాత ఫిల్టర్ మీద తెల్ల పెయింటుతో చిన్న చుక్క పెట్టాను. మర్నాడు సాయంత్రం బండి తెచ్చుకుని మళ్లీ దూరి చూశాను. చుక్క లేదు. ఫిల్టర్ కొత్తది. నిజంగానే మార్చారు!

అంత నిరుత్సాహం నాకు పరీక్ష తప్పిన రోజున కూడా కలగలేదు. తగాదా కోసం రాత్రంతా కూర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఎండిపోయాయి. ఆఖరి ఆశగా, బండి చదునుగా నిలబెట్టి, కాసేపాగి డిప్‌స్టిక్ అనే ఆయిల్ మట్టం కొలిచే పుల్ల తీసి చూద్దును కదా, ఆయిల్ దాని పై గీత దాటి వేలెడు ఎత్తున మెరుస్తోంది. ఎక్కువ పోసేశారు. ఆయిల్ తక్కువైతే ముప్పని అందరికీ తెలుసు, ఎక్కువైనా ముప్పేనని కొందరికే తెలుసు. మట్టం మరీ పెరిగితే ఇంజన్ లోపల తిరిగే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని తాకి కవ్వంలా చిలుకుతుంది, నురగ లేస్తుంది. ఆయిల్ పంపు ఆ నురగను తోడి బేరింగులకు పంపితే అక్కడికి చేరేది సగం గాలే. గాలి ఏ లోహాన్నీ కాపాడదు. ఆ వేలెడు ఎత్తుని చూసి నేను పొందిన తృప్తి వర్ణనాతీతం. లోకం నమ్మదగింది కాదని రుజువైంది. ఆ క్షణమే పానా పట్టాను.

మా శాఖలో చేరినవాడెవడైనా మొదట చెప్పే కారణం పొదుపు. బోల్టుకి సరిపోయే పానా ఒక్కటుంటే చాలుననుకుంటాడు. కిందికి దూరాలంటే జాకీ కావాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి వెళ్లకూడదు, స్టాండ్లు వేసి తీరాలి. (ఈ వాక్యంలో వ్యంగ్యం లేదు. వ్యాసమంతా మరిచిపోయినా ఇది మరవొద్దు.) ఆపైన ఫిల్టర్ విప్పే పట్టీ, పాత ఆయిల్ పట్టడానికి తొట్టి, గరాటు, చేతి తొడుగులు. బోల్టు కింద వాషరు ప్రతిసారీ కొత్తది. ఆ తర్వాత టార్క్ రెంచ్, అంటే చెప్పినంత బిగువు రాగానే టిక్కుమనే పానా. చాలా కార్లలో ఆ బోల్టుని 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల దాకా బిగిస్తే సరిపోతుంది. అల్యూమినియం ఆయిల్ పాన్ మీద భుజబలం ప్రదర్శిస్తే మర పోతుంది, మర పోతే చిన్న ఖర్చుతో పోదు. నేను కాగితం మీద లెక్క కట్టాను. ఏడాదికి ఒకసారి చొప్పున ఇంకో 11 సార్లు ఆయిల్ మారిస్తే సామాను ఖర్చు తిరిగి వచ్చేస్తుంది. 12వ ఏట నుంచి అంతా లాభమే. అప్పటిదాకా ఈ బండి ఉంటుందా అని మా ఆవిడ అడిగింది. పొదుపు గురించి ఆవిడకి లోతైన అవగాహన లేదు.

ఇక ఆయిల్ ఎంపిక. ఇది పని కాదు, పాండిత్యం. అమెరికాలో ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం ఆయిళ్ల చిక్కదనానికి 1911లోనే వర్గీకరణ ఏర్పాటు చేసింది. అప్పటినుంచి ఇద్దరు మగాళ్లు ఒకచోట చేరితే మాటలకు కరువు రాలేదు. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటుంది. డబ్ల్యూ అంటే వింటర్, అంటే చలికాలం. మైనస్ 30 డిగ్రీల చలిలో ఇంజన్‌ను తిరగనిచ్చేంత పలచగా ఉందా లేదా అన్నది 5డబ్ల్యూకి పెట్టే పరీక్షల్లో ఒకటి. 0డబ్ల్యూకి అదే పరీక్ష మైనస్ 35 దగ్గర. వెనకున్న 30 మాత్రం 100 డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. నేను మైనస్ 30 అనేదాన్ని ఫ్రిజ్‌లో కూడా చూసి ఎరగను. అయినా ఐదా సున్నానా అని రెండు నెలలు కొట్టుమిట్టాడాను. వేల పేజీలు చదివాను. చదివేకొద్దీ నా ఇంజన్ మీద జాలి పుట్టింది, ఏ ఆయిల్ పోసినా నాశనమవుతుందని ఎవరో ఒకరు హెచ్చరిస్తూనే ఉన్నారు. చివరికి డాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవర్ విప్పని మాన్యువల్ దొరికింది. అందులో ఒక్క వాక్యం ఉంది. ఫలానా గ్రేడు, ఇన్ని లీటర్లు. అంతే. ఇంత ప్రాధాన్యమున్న విషయాన్ని ఒక్క వాక్యంలో తేల్చేయడం పండితుల పట్ల అవమానంగా భావిస్తున్నాను.

పాండిత్యం అక్కర్లేదన్నవాళ్ల గతి కూడా చూశాను. కారులో పోయగా మిగిలింది కదా అని ఒక మిత్రుడు ఆ ఆయిలే బైకులో పోశాడు. చాలా బైకుల్లో క్లచ్చి ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కార్ల ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలిపితే అవి ఆ ప్లేట్లను కూడా జారిపోయేలా చేయొచ్చు. జపాన్ వాళ్లు 1998లో జాసో అని బైకు ఆయిళ్లకు విడిగా ప్రమాణం పెట్టుకున్నది ఇందుకే, డబ్బా మీద ఎంఏ అన్న అక్షరాలు చూసుకోమనేదీ ఇందుకే. మిత్రుడు అక్షరాలు చూడలేదు. ఇప్పుడతని బైకు గట్టిగా అరుస్తుంది గానీ ముందుకు కదలడానికి మొహమాటపడుతుంది.

నలుపు సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. డిప్‌స్టిక్ తుడిచిన గుడ్డ చూపించి "చూడండి సార్, ఎంత నల్లగా అయిపోయిందో" అంటే బెదిరిపోవద్దు. మసినీ మురికినీ గడ్డకట్టనివ్వకుండా తనలో మోసే మందులు ఆయిల్‌లోనే ఉంటాయి. డీజిల్ ఇంజన్లో అయితే కొత్త ఆయిల్ చూస్తుండగానే నల్లబడుతుంది. చీపురు మాసిందంటే ఇల్లు ఊడ్చినట్టే కదా. మార్చాల్సింది రంగు చూసి కాదు, మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లో నెలలో, ఏది ముందొస్తే అది చూసి. 3,000 మైళ్లకోసారి మార్చాలన్న పాత మాటకి కాలం చెల్లింది, ఈనాటి కార్లలో చాలావాటికి 10,000 కిలోమీటర్లు అంతకన్నా ఎక్కువే రాసి ఉంటుంది. మా శాఖలో మాత్రం 5,000కే మారుస్తాం. అవసరమై కాదు. సామాను కొన్నాం కదా.

ఇక ఆచరణ. ఆయిల్ పలచబడి తేలిగ్గా దిగాలంటే ఇంజన్‌ను కాస్త వేడెక్కించాలి. చెయ్యి కాలేంత వేడెక్కించకూడదు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో నా కుడి చేతికి ఇప్పుడు తెలుసు. వెల్లకిలా పడుకుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకే మొదటి పావుగంట బోల్టుని విప్పుతున్నాననుకుంటూ బిగించాను. చివరికది ఊడింది, ఊడి తిన్నగా తొట్టిలో పడింది. ధ్యానం తైలధారలా ఎడతెగకుండా సాగాలంటారు. ఆ ఉపమానం చెప్పినాయన ఎప్పుడూ బండి కింద పడుకుని ఉండడు. తైలధార మొదట ముందుకు దూకుతుంది. తొట్టి ఎక్కడుందో దానికి పట్టదు. కాసేపటికి తగ్గి తొట్టి అంచుకి వస్తుంది, సన్నబడ్డాక మధ్యలో పడుతుంది, ఆ తర్వాత చుక్కలు. ఆ చుక్కలు ఆగేదాకా చూస్తూ కూర్చోవడంలోనే మా శాఖవాళ్లు కొందరు మోక్షం పొందారు.

ఫిల్టర్ దగ్గరికొచ్చాక నా కథ మలుపు తిరిగింది. 1923లో ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్ అనే అమెరికన్ తన ఆయిల్ ఫిల్టరుకి ప్యూరోలేటర్ అని పేరు పెట్టాడు. 'ప్యూర్ ఆయిల్ లేటర్' అన్న మాటల్ని కుదించి చేసిన పేరు. శుద్ధమైన ఆయిల్, కానీ తర్వాత. ఎన్నికల వాగ్దానంలా ఉందని అప్పుడే నాకు అనుమానం రావలసింది. ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగు కూడా దాంతోపాటే ఊడి రావాలి. ఒక్కోసారి రాదు, ఇంజన్‌కే అంటుకుపోతుంది. కొత్త ఫిల్టర్ రింగుకి కాస్త ఆయిల్ రాయాలని, అది తగిలాక చేత్తో ముప్పావు చుట్టు బిగించాలని నాకు తెలుసు. అంతా శాస్త్రోక్తంగా చేశాను. పాత రింగు అక్కడే ఉందని మాత్రం చూడలేదు. రింగు మీద రింగు. పైన ఆయిల్ పోసి స్టార్ట్ చేశాను. ఆయిల్ పంపు తన ధర్మం తాను నెరవేర్చింది. నేను ఇంజన్ ఆపేలోగా నేలంతా తళతళలాడింది.

షోరూం కుర్రాడెవడైనా ఇదే పని చేసి ఉంటే మేనేజరుని పిలిపించి, ఫొటోలు తీసి, పది మందికీ చూపించి ఉండేవాణ్ణి. చేసింది నేను కాబట్టి దీన్ని అనుభవం అంటారు.

మిగిలింది పాత ఆయిల్. ఒక్క బండి పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. అంటే దాదాపు 38 లక్షల లీటర్లు. కాబట్టి కాలువలో పోయరాదు, మట్టిలో పోయరాదు, కాల్చరాదు, చర్మానికి అంటితే ఊరుకోరాదు. సేకరించేవాళ్లకే అప్పగించాలి. నాకు అందుబాటులో సేకరించేవాళ్లెవరా అని వాకబు చేస్తే, నేను ఛీకొట్టి వచ్చిన ఆ సర్వీస్ సెంటరే తేలింది. డబ్బా మోసుకుని వెళ్లాను. అదే సర్వీస్ అడ్వైజర్. "మీరే మార్చుకున్నారా సార్?" అన్నాడు. ఆ గొంతులో వ్యంగ్యం ఉందో లేదో తెలీక చాలా బాధపడ్డాను. ఆ తర్వాత నా చొక్కా చూశాడు. మరేమీ అనలేదు.

ఇప్పుడు రాత్రిపూట రెండుసార్లు లేస్తున్నాను. బండి కింద అట్ట పరిచాను, పొద్దున్నే దాని మీద చుక్కలు లెక్కపెడతాను. నిన్న ఒకటి కనబడితే వేలితో తాకి, వాసన చూసి, అది ఏసీ నీళ్లేనని తేలేదాకా మనిషిని కాలేకపోయాను. బోల్టు బిగించానా? బిగించినట్టే గుర్తు. రెంచ్ టిక్కుమన్నట్టే గుర్తు. పాత రింగు ఈసారి తీశానా? తీసే ఉంటాను. కానీ 'ఉంటాను' అన్నది ఒక సాక్ష్యమా?

వచ్చే ఆదివారం మళ్లీ ఆయిల్ మార్చాలి. నిన్న రాత్రి టార్చి వేసుకుని బండి కిందికి దూరి, ఫిల్టర్ మీద తెల్ల పెయింటుతో చిన్న చుక్క పెట్టి వచ్చాను.