వెళ్తే వెళ్లారు, రెటీనాను లాగడమెందుకు?

విట్రియస్ జెల్ గారూ,

కనుగుడ్డు లోపల నిండిన పారదర్శకమైన జిగురు ముద్ద మీరు, కంటిలో అయిదింట నాలుగు వంతుల చోటు మీదే. తీరా చూస్తే ఒంట్లో ఉన్నదంతా దాదాపు నీళ్లే! మిగతా కాస్త కొలాజెన్ పోగుల్నీ, హయలురోనిక్ ఆమ్లాన్నీ చూసుకునే ఇంత దర్జా. వయసులో ఉన్నన్నాళ్లూ మిమ్మల్ని వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. వెలుగుకి అడ్డురాకుండా పక్కకి తప్పుకున్నట్టే ఉండేవారు. యాభై దాటాక మొదలైంది భాగోతం.

ముందు నీరుగారిపోతారు. మీ పోగులు ముద్దకట్టి, వాటి నీడలు కంటి వెనక వెలుగుని పట్టే పొర, అదే రెటీనా, మీద పడతాయి. ఆకాశం కేసి చూస్తే దారాలు, చుక్కలు. సరిగ్గా చూద్దామనుకుంటే కంటితో పాటే జారుకుంటాయి. సరే, ఫ్లోటర్లని పేరు పెట్టి సర్దుకుపోయాం.

తర్వాత కుంచించుకుపోయి రెటీనా నుంచి విడిపోతారు. చాలామందిలో గొడవ లేకుండానే వెళ్తారు, ఆ మర్యాద కాదనను. కానీ గట్టిగా అతుక్కున్న చోట? మేకులతో పాటు గోడ పెచ్చులు కూడా ఊడదీసుకుపోయే అద్దెవాళ్ల బాపతు మీరు. పాపం రెటీనాకి నొప్పి తెలీదు. లాగినా, నొక్కినా అది వెలుగనే చెబుతుంది. అందుకే చీకట్లో కంటి చివర మెరుపులు. మేమేమో నిద్ర చాల్లేదనుకుంటాం.

ఆ లాగుడికి చిరుగు పడిందా, నీరైపోయిన మీ భాగమే అందులోంచి వెనక్కి దూరి, రెటీనాను అడుగు పొర నుంచి లేపేస్తుంది. పక్కనుంచి నల్లతెర కమ్ముకొస్తుంది. హఠాత్తుగా చుక్కలు ముసిరినా, మెరుపులు కనిపించినా, తెర దిగినా, ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సింది మేము, మీరు కాదు కదా! చిరుగు దశలోనే దొరికితే సాధారణంగా లేజర్‌తో పోతుంది. రెటీనా ఊడాక మాత్రం చాలావరకు ఆపరేషనే. ఇక మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్లంటే మీకు మరీ లోకువ, యాభై దాకా కూడా ఆగరు.

ఒక్క మాట. 1970ల మొదట్లోనే రాబర్ట్ మేకమర్ అనే సర్జన్ మిమ్మల్ని ముక్కలు చేసి పీల్చేసే విట్రెక్టమీకి దారి వేశారు. తీసేస్తే మీరు మళ్లీ పుట్టరు. చివరికి మీ చోటు కంట్లో ఊరే మామూలు ద్రవం తీసుకుంటుంది, చూపుకి మీరు లేని లోటేమీ ఉండదు. అయినా మీ పగ చల్లారదు: ఆ కంట్లోనే, ముఖ్యంగా యాభై దాటినవాళ్లకి, శుక్లం తొందరగా ముదురుతుంది.

ఇట్లు,
నోరు లేని రెటీనా తరఫున