లుసిండా విలియమ్స్ రికార్డులు: ఆలస్యం ఎవరిది?

అమెరికన్ గాయని, పాటల రచయిత్రి లుసిండా విలియమ్స్ పేరు వస్తే చాలు, సంగీత విమర్శకుల కలం నుంచి ‘పర్‌ఫెక్షనిస్టు’ అనే మాట దానంతటదే జారిపడుతుంది. 1988 నుంచి 1998 దాకా ఆమె నుంచి వచ్చినవి మూడే ఆల్బమ్‌లు కావడం, వాటిలో చివరిదాన్ని నిర్మాతలను మారుస్తూ మళ్లీ మళ్లీ రికార్డు చేయడం ఆ పేరుకు కారణాలు. అయితే ఆ రికార్డులను తేదీలతో పాటు వాటిని విడుదల చేసిన కంపెనీల పేర్లతోనూ కలిపి చూస్తే, ఆ మాట సగమే నిజమని తేలుతుంది.

1953లో లూసియానా రాష్ట్రంలోని లేక్ చార్లెస్‌లో పుట్టిన ఈమె, 1997లో క్లింటన్ రెండోసారి ప్రమాణం చేసినప్పుడు కవిత చదివిన మిల్లర్ విలియమ్స్ కూతురు. 1979లో ఫోక్‌వేస్ సంస్థకు చేసిన తొలి ఆల్బమ్‌లో పాత బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల సంగీతం), కంట్రీ (అమెరికా పల్లె సంగీతం) పాటలే పాడారు. మరుసటి ఏడాది సొంత పాటలతో రెండోది వచ్చింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఏమీ లేదు. ఈ ఎనిమిదేళ్లలో ఆమె పాటలు రాయకుండా కూర్చోలేదు. ఒక పెద్ద కంపెనీ ఆమె పాటల నమూనాలు విని, రాక్ అనడానికి ఇందులో కంట్రీ ఎక్కువైందని లాస్ ఏంజెలెస్‌లోనూ, కంట్రీ అనడానికి రాక్ ఎక్కువైందని కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లోనూ చెప్పి పంపించేసిందని ఆమే పలుమార్లు చెప్పుకున్నారు. చివరికి 1988లో ఆమె పేరునే శీర్షికగా పెట్టుకున్న ఆల్బమ్‌ను విడుదల చేసింది, పంక్ సంగీతంతో ఎదిగిన రఫ్ ట్రేడ్ అనే బ్రిటిష్ కంపెనీ. అదీ దివాలా తీసింది. 1992 నాటి ‘స్వీట్ ఓల్డ్ వరల్డ్’ను తెచ్చిన కమీలియన్ అనే కంపెనీ కూడా కొద్దికాలానికే మూతపడింది. పాడేవారి మొండితనం ఎంతున్నా, దుకాణాలే మూతపడుతుంటే సరుకు బయటికి వచ్చేదెలా?

అమెరికా సంగీత రంగంలో ఇచ్చే గ్రామీ పురస్కారాలు ఈ గందరగోళాన్ని ఇంకాస్త ముచ్చటగా చూపిస్తాయి. 1988 ఆల్బమ్‌లోని ‘ప్యాషనేట్ కిసెస్’ను కంట్రీ గాయని మేరీ చాపిన్ కార్పెంటర్ పాడాక, 1994లో దానికి ఉత్తమ కంట్రీ పాట పురస్కారం దక్కింది. 1999లో లుసిండా ఆల్బమ్‌కు సమకాలీన ఫోక్ (జానపద) విభాగంలో, 2002లో ఆమె గొంతుకు రాక్ విభాగంలో బహుమతులు వచ్చాయి. మనిషి ఒకరే, పాట తీరూ పెద్దగా మారలేదు, మారినవి బీరువా మీది చీటీలే.

అసలు వివాదమంతా 1998 నాటి ‘కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్’ గురించే. ఆస్టిన్‌లో గర్ఫ్ మోర్లిక్స్‌తో మొదలైన రికార్డింగ్‌ను ఆమె పక్కన పెట్టి, నాష్‌విల్‌లో స్టీవ్ ఎర్ల్, రే కెనెడీలతో మళ్లీ చేశారు. ఆ పైన లాస్ ఏంజెలెస్‌లో రాయ్ బిట్టన్ మెరుగులు దిద్దారు. ఏళ్ల తరబడి ఆమెతో గిటార్ వాయించిన మోర్లిక్స్ దీనితోనే దూరమయ్యారు. ఆ నష్టం చిన్నది కాదు, దాని బాధ్యత ఆమెదే. కానీ పూర్తయిన ఆల్బమ్ కంపెనీల చిక్కుల్లో పడి, మెర్క్యురీ అనే కంపెనీ చేతికి వెళ్లేదాకా విడుదలకు నోచుకోలేదన్నదీ అంతే నిజం.

అంత శ్రమ ఎందుకో ఆ ఆల్బమ్ శీర్షిక గీతం వింటే తెలుస్తుంది. మేకన్‌లో ఒక ఇల్లు, వంటింట్లో కాఫీ, గుడ్ల వాసన, రేడియోలో కంట్రీ గాయని లొరెట్టా లిన్, కారు వెనక సీట్లో నాలుగైదేళ్ల పిల్ల, మొహం మీద కన్నీళ్లతో కలిసిన కాస్త మట్టి. ఇల్లు ఎందుకు ఖాళీ చేస్తున్నారో, పెద్దలు ఎందుకు గొడవ పడుతున్నారో పాట ఎక్కడా విప్పి చెప్పదు, ఎందుకంటే ఆ వయసు పిల్లకు తెలిసేది కూడా అంతే. 1989లో ఆస్టిన్‌లో కాల్పుల్లో చనిపోయిన గాయకుడు బ్లేజ్ ఫోలీ మీద రాసిన ‘డ్రంకెన్ ఏంజెల్’లోనూ ఇదే పద్ధతి. అతని బూట్లకు చుట్టిన డక్ట్ టేపు కనిపించాక పొగడ్తతో పని ఉండదు. ఇంత తక్కువ మాటలతో నడిచే పాటలో వాయిద్యం ఒక్క పిసరు ఎక్కువైనా చెవికి తగులుతుంది.

2014లో ‘హైవే 20’ పేరుతో సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) పెట్టుకున్నాక కథ తిరగబడింది. ఆ ఏడాది ఇరవై పాటల జంట ఆల్బమ్ (రెండు డిస్కులది), 2016లో మరో జంట ఆల్బమ్, 2017లో ఇంకొకటి, 2020లో వేరొకటి వచ్చాయి. పర్‌ఫెక్షనిస్టు అనేవారు ఈ వరుసకు ఏం సమాధానం చెబుతారో తెలియదు. నా మటుకు, తలుపులు బార్లా తెరుచుకోవడం వల్ల కొంత నష్టమూ జరిగిందనిపిస్తుంది. ఆ జంట ఆల్బమ్‌లలో నిదానంగా సాగే పాటలు ఒకదాని వెంట ఒకటి వచ్చి, ఎవరైనా కత్తెర పడితే బాగుండేదని అనిపించే చోట్లు ఉన్నాయి. 2014 ఆల్బమ్ మొదట్లో తండ్రి కవితకు ఆమె కట్టిన పాట మాత్రం, గొంతు, గిటారు తప్ప మరేమీ లేకుండా, ఆమె ఉత్తమ రచనల సరసన నిలుస్తుంది.

2020 నవంబరులో పక్షవాతం వచ్చి ఆమె గిటార్ వాయించలేని స్థితికి చేరారు. 2023 ఆల్బమ్‌లోని పాటలను భర్త టామ్ ఓవర్‌బీ, మరికొందరితో కలిసి రాశారు. అయినా నేను మళ్లీ మళ్లీ వినేది అంతకుముందు, 2017లో చేసిన పనిని. 1992 నాటి ‘స్వీట్ ఓల్డ్ వరల్డ్’ను ఆమె మొత్తంగా తిరిగి పాడారు, కొన్ని మాటలు మార్చారు, ఒక పాటకు పేరే మార్చేశారు. 1978లో ఆత్మహత్య చేసుకున్న కవి ఫ్రాంక్ స్టాన్‌ఫోర్డ్ గురించిన ‘పైనియోలా’ మొదటి రికార్డులో, అప్పుడే కబురందినవారి గొంతుతో వినిపిస్తుంది. రెండోదానిలో గీరుకుపోయిన ఆ గొంతు, అక్షరాలను సాగదీస్తూ, చావు కబురును ఏళ్లపాటు మోసినవారి గొంతులా ఉంటుంది. ఈసారి ఆ పాట కోసం గడువు పెట్టి ఎదురుచూసిన కంపెనీ ఏదీ లేదు, ఆలస్యమైందని ఎవరూ అనలేదు.