ఈ జత ఎంతకిస్తావేటి?

ఇది నిన్నటి ఆదివారం సంగతి కనుక, రాస్తున్న చేతికి బూట్ పాలిష్ వాసన ఇంకా పోలేదు. పది రోజుల క్రితం మా అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శిగారు ప్రతి గుమ్మానికీ ఒక నోటీసు అంటించారు. వరండాలో చెప్పులు, చెప్పుల స్టాండ్లు, పాత సామాను ఉంచడం అగ్నిమాపక నిబంధనలకు విరుద్ధమనీ, 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి నాలుగో భాగం ప్రకారం బయటికి పోయే దారిలో అడ్డంకులేవీ ఉండరాదనీ, ఆదివారం సాయంత్రంలోగా తీయని వారికి 200 రూపాయల జరిమానా తప్పదనీ దాని సారాంశం. నిబంధన న్యాయమైనదే, నిప్పంటుకున్న రోజున పొగలో పరుగెత్తే మనిషి మా హవాయి చెప్పు మీద జారిపడాలని నేనూ కోరుకోను. అయితే సంతకం చేసిన మహానుభావుని గుమ్మం ముందు నాలుగు క్రోటన్ కుండీలు, మనవడి మూడు చక్రాల సైకిలు ఉన్నాయి కదా, అవి అడ్డంకుల కిందికి రావా అని అడిగితే, "అవి అలంకరణ కిందికి వస్తాయండీ" అని సెలవిచ్చారు.

దానికి తోడు ఎదురింటి ఆవిడ శనివారం రాత్రి వచ్చి, "అన్నయ్యగారూ, రేపు పదకొండింటికి మా అమ్మాయిని చూసుకోవడానికి వస్తున్నారు, వరండా కాస్త శుభ్రంగా ఉంటే బాగుంటుంది" అని ఎంతో మర్యాదగా, మా చెప్పుల వైపు మాత్రం చూడకుండా చెప్పి వెళ్ళారు. కాబట్టి గుమ్మం లోపలా బయటా సర్దేయాలని సంకల్పించాను. కొత్త చెప్పుల స్టాండుకు అంతకుముందే ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టి ఉన్నాను. ఏటికొప్పాక నుంచి తెచ్చి మూడేళ్ళుగా అలమరాలో మగ్గుతున్న లక్కపూత కొక్కేల పలకను తలుపు పక్కన లోపలి గోడకు బిగించాను. అంకుడు కర్రతో చేసే ఆ పనితనానికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది కదా, మా ఇంట్లో మాత్రం గుర్తింపు లేకపోతే ఎలా అనుకున్నాను. ఇకపై ఇంట్లోని ప్రతి తాళంచెవీ ఆ కొక్కేలకే వేలాడాలనీ, సెల్‌ఫోన్లు దాని కిందనున్న పళ్ళెంలోనే ఉండాలనీ శాసనం చేశాను. మా ఆవిడ పర్సులో ఏళ్ళ తరబడి నిక్షేపంగా ఉన్న రెండో తాళంచెవిని కూడా బయటికి తీయించి, ఎర్రటి కొక్కేనికి నా చేతులతో నేనే తగిలించాను. "బయటికి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళొద్దాండీ?" అని ఆవిడ అడిగింది. "ఇంట్లో నేనుంటాను కదా" అన్నాను. ఉదయం తొమ్మిదింటికి ఆవిడ మా అమ్మను తీసుకుని సింహాచలం వెళ్ళిపోయింది.

గోడకు మేకు దిగకపోవడం, డ్రిల్లు అరువు తేవడం, ఒకటికి బదులు నాలుగు కన్నాలు పడటం వంటి ఘట్టాలను వదిలేస్తున్నాను. పది గంటలకల్లా తలుపు వెనకాల సరుకంతా వరండాలోకి చేరింది. ముట్టుకుంటే పొడి అయిపోయే ఉగాది నాటి మామిడి తోరణం, దిష్టికి కట్టి మరిచిపోయిన పటిక ముక్క, ఊచలు బయటికి వచ్చిన మూడు గొడుగులు, పట్టీ తెగిన హెల్మెట్, రబ్బరు బ్యాండు వేసిన కరెంటు బిల్లుల కట్ట కనబడ్డాయి. వాటి వెనక చెప్పులు. ఇంట్లో ఉంటున్నది ముగ్గురం, అంటే ఆరు పాదాలు. తేలిన జోళ్ళు 31, జంట తప్పిన ఎడమకాలి చెప్పులు మూడు. ఆ మూడూ ఎడమవే ఎందుకయ్యాయో నాకు ఇప్పటికీ బోధపడలేదు. ఉంచేవి, ఇచ్చేసేవి, పారేసేవి అని విభజించే ఉద్దేశంతో పాత దుప్పటి పరిచి, వాటిని తుడిచి, పాలిష్ పెట్టి, సైజుల వారీగా మూడు వరుసల్లో పేర్చాను. మధ్యలో చిన్న ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను. ఒంటి మీద బనీను, మోకాళ్ళ పైకి మడిచి కట్టిన గళ్ళ లుంగీ, భుజం మీద తుడుపుగుడ్డ, చేతిలో బ్రష్షు ఉన్నాయని ఇక్కడే చెప్పడం మంచిది, ఎందుకంటే తరువాత జరిగినదానిలో వాటి పాత్ర చాలా పెద్దది.

విశాఖలో ఎండ ఎక్కేకొద్దీ సముద్రం మీదనుంచి గాలి లేస్తుంది. ఆ గాలి కోసమే ఎం.వి.పి. కాలనీలో నాలుగో అంతస్తు కొన్నానని ఇన్నేళ్ళుగా బంధువులందరికీ చెప్పుకుంటూ వచ్చాను. ఆ గాలే వంటింటి బాల్కనీలోంచి దూరి, హాలు దాటి, మా వీధి తలుపును ఒక్క తోపు తోసింది. ఆ తలుపుకున్నది నైట్ లాచ్, అంటే మూసుకోగానే దానంతటదే పడే తాళం. దాని నాలుక ఒక పక్క ఏటవాలుగా ఉంటుంది. తలుపు మూసుకునేటప్పుడు ఒత్తిడికి లోపలికి పోయి, గూడు ఎదురుకాగానే స్ప్రింగు తోపుతో ఠక్కున బయటికి వస్తుంది. ఆ ఠక్కు నేను విన్నాను. తాళంచెవులన్నీ కొక్కేలకు, సెల్‌ఫోను పళ్ళెంలో, బిల్లులు తప్ప మిగిలిన కాగితాలన్నీ సొరుగులో ఉన్నాయి. ఆ క్షణాన ఆ ఇంట్లో తన చోట లేని వస్తువును నేనొక్కడినే.

ఎదురింటి తలుపు కొట్టి ఫోను అడగవచ్చు కదా అని మీరనవచ్చు. పెళ్ళిచూపుల కోసం ముస్తాబవుతున్న ఇంటి తలుపును ఆ లుంగీతో కొట్టడానికి మనసొప్పలేదు. ఒప్పినా లాభం లేదు, ఎందుకంటే నాకు కంఠస్థంగా వచ్చిన ఫోను నంబరు ఒకే ఒక్కటి. అది 1996లో మా నాన్నగారు పెట్టించిన ల్యాండ్‌లైన్‌ది, దాన్ని తీయించేసి పదేళ్ళు దాటింది. మా ఆవిడ వచ్చేదాకా గౌరవంగా పాలిష్ పని చేసుకోవడమే ఉత్తమమని నిశ్చయించుకుని, మళ్ళీ పీట మీద కూర్చున్నాను.

సరిగ్గా పదకొండింటికి లిఫ్టు తెరుచుకుని ఏడుగురు దిగారు. పట్టుచీరల వాళ్ళు, పళ్ళ సంచి పట్టుకున్న కుర్రవాడు ఎదురింటి వైపు నడిచారు. వెనకాల వస్తున్న పంచెకట్టు పెద్దాయన మాత్రం మా వరుసల దగ్గర ఆగి, కళ్ళజోడు పైకి తోసుకుని, వంగి, నా గోధుమరంగు తోలు బూటు ఒకటి చేతిలోకి తీసుకుని, అట్టను వేలి కణుపుతో కొట్టి చూసి, "ఏటి బాబూ, ఈ జత ఎంతకిస్తావేటి?" అని అడిగారు. మాటను బట్టి శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు మనిషని తెలిసింది.

ఇక్కడ కొంత వివరంగా చెప్పాలి. "ఇవి అమ్మేవి కావండీ, ఇది మా ఇల్లు" అనడానికి నాలుగు సెకన్లు చాలు, తలుపు మీద నా పేరు పలక కూడా ఉంది. అనబోయాను కూడా. కానీ నేను నోరు తెరిచేలోపే ఆయన "నూట యాభై చేసుకో" అన్నారు. ఆ బూట్లు మా వాడి పట్టా ప్రదానోత్సవానికి 1,899 రూపాయలు పోసి కొన్నవి. రెండుసార్లు వేసుకున్నాను, రెండుసార్లూ కాలు కరిచాయి కనుక మూడోసారి వేసుకోలేదు. ఇరవై ఆరేళ్ళు ఆడిట్ శాఖలో ఎందరి పద్దుల్లోనో తప్పులు పట్టిన మనిషిని. ఏటా పదిహేను శాతం చొప్పున తరుగుదల తీసినా ఆ జోడు విలువ నూట యాభైకి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో మనసులో లెక్క నడిచిపోయింది. నా మర్యాద సంగతి మరిచిపోయి బూటు మర్యాద కోసం నడుం కట్టాను. "నూట యాభైకి లేసులు కూడా రావండీ, కొన్న ధరే 1,899" అన్నాను. ఆయన నవ్వి, "కొన్న ధర మాకెందుకు?" అన్నారు. నేను కొన్ననాడు వెయ్యి దాటిన జోడు మీద పన్నే 18 శాతం ఉండేదని చెప్పాను. "ఆ పన్ను నువ్వు కట్టీసినావు, మళ్ళీ నేను కట్టీడమేటి?" అని ఆయన అడిగిన ప్రశ్నకు నా సర్వీసులో ఏ ఆడిట్ అభ్యంతరానికీ తడబడనంతగా తడబడ్డాను. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి రెండున్నర వేల లోపు జోళ్ళ మీద పన్ను 5 శాతానికి దిగిందని తాను పేపర్లో చదివాననీ, ఆ తగ్గింపు తనకు ఇవ్వకుండా నేను నొక్కేస్తున్నానని ఆయన తేల్చారు.

చివరికి ఆయన నా పీట మీద కూర్చుని కాలు చాపారు. ఎవరైనా కాలు చాపి బూటులోకి దూర్చడానికి అవస్థ పడుతుంటే ఊరుకోలేకపోవడం మనిషి నైజమో, చేతిలో బ్రష్షు ఉన్నవాడి నైజమో తెలియదు కానీ, నేను మోకాళ్ళ మీద కూర్చుని, మడమ దగ్గర రెండు వేళ్ళు పెట్టి పైకి లాగాను. ఎనిమిదో నంబరు; కాలికి అచ్చు గుద్దినట్టు సరిపోయింది. నన్ను రెండుసార్లు కరిచిన బూటు ఆయన్ని ఏమీ అనలేదు. "నొక్కుతోందా అండీ?" అని అడిగింది నేనే అని ఒప్పుకోవలసి వస్తున్నందుకు చింతిస్తున్నాను.

అప్పుడే లిఫ్టులోంచి మనిషి నిలువెత్తు అట్టపెట్టె ఒకటి దిగింది. దాని వెనకనుంచి ఒక కుర్రవాడు నా పూర్తి పేరు చదివి, "చెప్పుల స్టాండు సార్" అన్నాడు. పెద్దాయన సంతృప్తిగా తల పంకించి, "కొట్టుకి సామాను కూడా వచ్చింది" అన్నారు. "ఓటీపీ చెప్పండి సార్" అని కుర్రవాడు అడిగాడు. అది ఫోనుకు వస్తుందని, ఫోను లోపల ఉందని చెప్పాను. "పంపించాను సార్" అన్నాడు. తలుపు అవతల పళ్ళెంలో నా ఫోను టింగుమంది. "వినబడింది బాబూ" అన్నాను. "అంకెలు చెప్పాలి సార్." ఆ టింగులో ఆరు అంకెలు ఉన్నాయి, నాకూ వాటికీ మధ్య అంగుళంన్నర టేకు చెక్క ఉంది. పెట్టె మీద నా పేరుంది, తలుపు మీద నా పేరుంది, రెండింటి మధ్య నేనున్నాను, డబ్బు మూడు రోజుల ముందే కట్టాను. మా చిన్నప్పుడు పోస్ట్‌మాన్ మనియార్డరు తెస్తే, సంతకం రాని మా నాయనమ్మ వేలిముద్ర వేస్తే చాలు, నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు. ఇప్పుడు నా పది వేళ్ళూ పాలిష్‌తో సిద్ధంగా ఉన్నా ఎవరికీ అక్కర్లేదు. కుర్రవాడి తప్పేమీ లేదు. పాపం తన ఫోను నాకే చూపించాడు. అంకెలు వేయకపోతే నొక్కడానికి అందులో ఉన్నది ఒక్కటే, "కస్టమర్ అందుబాటులో లేరు". అందుబాటులో నిలబడి ఉన్న నా కళ్ళెదుటే దాన్ని నొక్కి, "సారీ సార్" అని పెట్టెను మళ్ళీ లిఫ్టులోకి ఎక్కించాడు.

ఈలోగా ఎదురింటి ఆవిడ తలుపు తీసి "రండి, రండి" అన్నారు. వచ్చినవాళ్ళు జోళ్ళు విడవడానికి చోటు చూసి, మా మూడో వరుస పక్కనే ఎంతో పద్ధతిగా నాలుగో వరుస పేర్చారు. పెద్దాయన కూడా నా బూట్లను ఆ వరుసలోనే విడిచి, పీట మీద రెండు వంద నోట్లు ఉంచి, వాటి మీద బ్రష్షు బరువు పెట్టి, "ఇంక అడక్కు" అని లోపలికి నడిచారు. ఎదురింటి ఆవిడ నా వైపు చూశారు. నేను బిల్లుల కట్ట వైపు చూశాను.

తలుపు తెరుచుకున్న వైనం రాయను. అందులో తాళాలు బాగుచేసే మనిషి, 700 రూపాయలు, "లోపలి బొడిపె కిందికి నొక్కి ఉంచితే నాలుక బయటికి రాదు సార్" అనే ఉపదేశం ఉన్నాయి. మా వాళ్ళు వచ్చేసరికి మూడు దాటింది. పీట మీది 200 ఎక్కడివని మా ఆవిడ అడిగితే చెప్పక తప్పలేదు. ఆవిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి, ఎర్ర కొక్కేనికున్న తాళంచెవి తీసి పర్సులో వేసుకుంది. మా అమ్మ మాత్రం ప్రసాదం చేతిలో పెడుతూ, "పోనీలేరా, బోణీ అయింది" అంది. నా బూట్లు టెక్కలి వెళ్ళిపోయాయి, వాటి స్థానంలో కుడి బొటనవేలి దగ్గర కుట్టు ఊడిన పెద్దాయన చెప్పులు మిగిలాయి. ఎదురింటి సంబంధం ఖాయమైందట. తాంబూలాలకు ఆయన మళ్ళీ వస్తారట.

ఈ ఉదయం పాల ప్యాకెట్లు తీసుకుందామని తలుపు తెరిస్తే, దాని మీద కొత్త నోటీసు కనబడింది. నివాస సముదాయం వరండాల్లో ఎటువంటి వ్యాపారమూ చేయరాదనీ, మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయలనీ అందులో ఉంది. దాన్ని అంటించిన మనిషి మా గుమ్మం దాకా రావాలంటే ఆ నాలుగు కుండీలనూ, ఆ మూడు చక్రాల సైకిలునూ దాటుకునే వచ్చి ఉండాలి.