వెనక చక్రం యాక్సిల్ గారికి బహిరంగ లేఖ

మోటారు సైకిల్ వెనక చక్రం మధ్యలోంచి పోయే ఇరుసు కడ్డీ, మహారాజశ్రీ వెనక చక్రం యాక్సిల్ గారి సముఖమునకు వ్రాసుకొను విన్నపం.

ఉభయకుశలోపరి. తమరు కుశలమే, ఎక్కడివారక్కడే బిగుసుకుని ఉన్నారు. మా వైపే కొంచెం తేడా. ఆదివారం మధ్యాహ్నమంతా తమరి దర్శనం కోసం పడిగాపులు కాస్తే, దీపాలు పెట్టే వేళకి గానీ బయటికి రాలేదు. వెనక బ్రేకు షూలు మార్చడం అరగంట పనని అందరూ చెబుతారు. ఆ అరగంటలో తమరిని కలిపారో లేదో ఎవరూ చెప్పరు.

మిగతావాళ్ళంతా మర్యాదస్తులే. బండిని సెంటర్ స్టాండ్ ఎక్కించకముందే గేరులో ఉంచి తమరి నట్టు కాస్త వదులు చేస్తే, తర్వాత అది బుద్ధిగా వచ్చేస్తుంది. (స్టాండు మీద ఉన్నప్పుడు పానా పట్టుకుని ఊగితే బండే మీద పడుతుంది.) బ్రేకు రాడ్డు చివరి నట్టు విప్పితే రాడ్డూ స్ప్రింగూ చేతికొస్తాయి. బ్రేకు ఆర్ములోని గుండ్రటి చిన్న ముక్క కింద పడి దొర్లిపోతుంది, దాని స్వభావమే అంత. షూలు బిగించిన బ్రేకు ప్యానెల్ తిరగకుండా పట్టి ఉంచే టార్క్ ఆర్ము స్ప్లిట్ పిన్ను తీస్తుంటేనే విరుగుతుంది. విరగనీ, కొత్తది చిల్లర డబ్బులకొస్తుంది. ఆ ఆర్మును మళ్ళీ బిగించడం మరిచిపోతే, బ్రేకు తొక్కగానే ప్యానెల్ కూడా తిరిగి, చక్రం పట్టేసి, మనిషి రోడ్డు మీద ఉంటాడు. అంత ప్రాణాంతకమైన శాల్తీ కూడా విప్పేటప్పుడు పేచీ పెట్టదు.

పేచీ తమరిదే.

తమరి ఉద్యోగమేమిటో ఒకసారి చూద్దాం. చక్రం తిరుగుతుంది. చైను లాగే పళ్ళ చక్రం, స్ప్రాకెట్, తిరుగుతుంది. బేరింగుల బయటి రింగులు తిరుగుతాయి. తమరు తిరగరు. నట్టు బిగించగానే కాలర్లూ, బేరింగుల లోపలి రింగులూ, వాటి మధ్య గొట్టమూ ఒకదాన్నొకటి నొక్కుకుని, చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్ముతో కలిసి ఒకే దిమ్మ అయిపోతాయి. బండి యాభై వేల కిలోమీటర్లు తిరిగినా తమరు వెంట్రుకవాసి కదలరు. చాలా చిన్న బళ్ళలో తమరి లావు 12 మిల్లీమీటర్లు. చుట్టూ ఉన్న రింగులకీ తమరికీ మధ్య ఉండే సందు కంటికి ఆనదు. వాన నీళ్ళకి అది చాలు. వాటర్ సర్వీసింగ్‌లో చక్రం నడిమి హబ్బుకే గురిపెట్టి కొట్టే గన్ను నీళ్ళకైతే రాచబాటే. ఇనుము తుప్పయితే ఉబ్బుతుంది. సందు పూడుతుంది. తమరి కొలువు స్థిరం.

కదిలించడానికీ ఒక పద్ధతి ఉంది, అది సుత్తితో మొదలవదు. ముందు టైరు కింద చెక్క ముక్కలు దోపి చక్రం బరువు తమరి మీద లేకుండా చెయ్యాలి. నట్టు పూర్తిగా వదిలాక తల వైపు పానా వేసి, తలకి బెజ్జం ఉంటే రాడ్డు దూర్చి, అటూ ఇటూ తిప్పాలి. తిరిగితే సగం వచ్చినట్టే. తిరగకపోతే ప్రతి అతుకు దగ్గరా తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలెయ్యాలి. కొట్టక తప్పని రోజున నట్టును తమరి మరల (నట్టు ఎక్కే చుట్ల) చివరతో సమంగా ఉంచి, ఇత్తడి ముక్కో గట్టి చెక్కో అడ్డంపెట్టి కొట్టాలి. మరలు లోపలికి పోయాక, 12 మిల్లీమీటర్ల తమరిని 10 మిల్లీమీటర్ల రాడ్డుతో నెట్టాలి. పంక్చర్ వేసేవాళ్ళకి ఇంత ఓపిక ఉండదు. సుత్తి నేరుగా మరల మీదే. చివర చదునై నట్టు మళ్ళీ ఎక్కదు. అంతకంటే పెద్ద నష్టం కంటికి కనబడదు: తమరు లోపలి రింగుకి అతుక్కుని ఉంటే ప్రతి దెబ్బా గోళీల మీదుగా బయటి రింగుకి పోయి, గోళీలు నడిచే దారిలో సొట్టలు పడతాయి. నెల తర్వాత చక్రం ‘గూ’ అంటుంది. పాపం బేరింగు నాసిరకం అంటారు.

ఈ మొత్తం తగువుకి మందేమిటి? గ్రీజు. వేలి కొసన పట్టేంత గ్రీజు. ఎడ్లబండి ఇరుసుకి కందెన పెట్టనిదే పొలానికి బయల్దేరని జనం మనం. మోటారు సైకిలొచ్చేసరికి ఆ పని బిల్లు మీద అచ్చుకే పరిమితమైంది. ‘జనరల్ సర్వీస్, వీల్ గ్రీజింగ్’ అని రాసి డబ్బులు గుంజిన సర్వీస్ సెంటర్ బాబుల్లారా, ఈ తుప్పు ఏమిటి? ఫ్యాక్టరీలోంచి వచ్చాక ఈ రాడ్డు వెలుతురు చూసిందా? బండి కడిగి, చైనుకి నూనె చల్లి, ట్యాంకుకి పాలిష్ కొట్టి తాళాలు ఇచ్చేశారు. చక్రం ఊడదీయకుండా చక్రానికి గ్రీజు ఎలా పెట్టారో ఆ విద్య మాకూ నేర్పండి. చెయ్యని పనికి డబ్బులు తీసుకోవడాన్ని మా ఊళ్ళో దొంగతనం అంటారు.

సరే, నీ సంగతికొద్దాం. తమరు గిమరు ఇక లేదు. ఎమెరీ పేపరుతో తుప్పు గీకి అద్దం మీద దొర్లిస్తే వంకర లేకుండా దొర్లావు. అదే మంట. వంగి ఉంటే పాత ఇనుములో పారేసి కొత్తది తెచ్చేవాళ్ళం. ఇన్నేళ్ళు గుంతల్లో ఇద్దరు మనుషుల్నీ, గ్యాస్ బండనీ మోసి నిటారుగా ఉన్నావు కాబట్టి నిన్ను తిట్టాలన్నా సగమే నోరొస్తోంది.

ఒళ్ళంతా పలచగా గ్రీజు రాశాం, మరలు తుడిచి వదిలేశాం. బ్రేకు డ్రమ్ములోకి ఒక్క చుక్క పోనివ్వలేదు. హబ్బు లోపలి గొట్టం జారి అడ్డం పడితే స్క్రూడ్రైవరుతో సరిచేశాం. చైను అడ్జస్టర్ల గీతలు రెండు వైపులా ఒకే లెక్కలో ఉన్నాయి. బ్రేకు పెడల్ తొక్కిపట్టి, షూలు డ్రమ్ము మధ్యకి కూర్చున్నాకే నీ నట్టు బిగించాం, అదీ మాన్యువల్ చెప్పినంతే, పానాకి పైపు తగిలించకుండా. ఇకమీదట ఏటా వానలు వెనకపట్టగానే నిన్ను బయటికి లాగుతాం. పిలిస్తే రావాలి. రాకపోతే హాక్సా బ్లేడు కొని పెట్టాం.

ఇట్లు,
19 నంబరు పానా